ముందు విమానమా, ముందు ఊరా? ఎయిర్ కోస్టా, ట్రూజెట్ కథలు

ఆళ్లగడ్డకు రైలు లేదు. రెండు దశాబ్దాలు ఎదురుచూసిన నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016లో మొదలైంది గానీ, అది బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పడమటి దారి పట్టింది. ఆళ్లగడ్డవాళ్లు రైలెక్కాలంటే నంద్యాల రావాలి. విమానం ఎక్కాలంటే మైదుకూరు మీదుగా కడపకు పోవాలి, లేదా నంద్యాల దాటి ఓర్వకల్లుకు పోవాలి. రెండు విమానాశ్రయాలకూ దాదాపు నడిమధ్యన ఉన్న ఊరు ఇది. తెలుగువాళ్లు పెట్టిన రెండు విమానయాన సంస్థలను పక్కపక్కన పెట్టి చూడడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ఇక్కడ నిలబడి చూస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న దానంతటదే వస్తుంది: ఆ విమానం ఏ ఊరి కోసం వచ్చింది?

ఆ రెండు సంస్థల్లో ఒకటి విజయవాడ కేంద్రంగా లింగమనేని వారి ఎల్ఈపీఎల్ గ్రూపు పెట్టిన ఎయిర్ కోస్టా. 2013 అక్టోబరులో ఎగరడం మొదలుపెట్టి 2017 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. రెండోది హైదరాబాదు నుంచి టర్బో మేఘా ఎయిర్‌వేస్ నడిపిన ట్రూజెట్. 2015 జూలైలో మొదలై 2022 ఫిబ్రవరి దాకా నడిచింది. మొదటిది మూడేళ్ల నాలుగు నెలలు బతికింది, రెండోది దానికి దాదాపు రెట్టింపు కాలం బతికింది. రెండూ పోయాయి కదా, ఇంక పోల్చడమెందుకని కొందరు అనొచ్చు. అవి ఎందుకు పోయాయన్నది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. ఎవరు ఎంత దూరం సరైన దారిలో నడిచారో తేల్చుకోకపోతే మూడో సంస్థ కూడా అదే గోతిలో పడుతుంది.

ఈ కథలో నంద్యాలకు ఒక పాత వాటా ఉంది. 1953 చట్టంతో దేశంలోని ప్రైవేటు విమాన సంస్థలన్నీ ప్రభుత్వపరం అయ్యాయి. బేగంపేట నుంచి డకోటాలు నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన సంస్థ అది. నలభై ఏళ్లు నిలిచిన ఆ చట్టాన్ని 1994లో రద్దు చేసింది పి.వి. నరసింహారావు ప్రభుత్వం. అప్పుడు పి.వి. నంద్యాల ఎంపీ. 1991 ఉప ఎన్నికలో ఐదు లక్షలు దాటిన మెజారిటీతో గెలిపించి పంపింది ఈ నియోజకవర్గమే. ప్రైవేటు విమానాలకు తలుపు తీసిన ప్రధానిని పార్లమెంటుకు పంపిన నేల ఇది. ఆ తలుపు తెరిచిన 21 ఏళ్లకు కడపలో, 27 ఏళ్లకు ఓర్వకల్లులో విమానం దిగింది. ఆ తలుపు తెరుచుకుంటున్న రోజుల్లో ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ లాంటి పేర్లు ఎన్నో వచ్చాయి, పోయాయి. అవి ఎక్కువగా పెద్ద నగరాల మధ్యనే తిరిగాయి. చట్టం మారినంత మాత్రాన విమానం చిన్న ఊరికి రాదని అవి చూపించాయి.

కోస్టా ఎంచుకున్న విమానాలు బ్రెజిల్ దేశపు ఎంబ్రాయర్ కంపెనీవి. మొదట 67 సీట్ల ఈ-170లు, తర్వాత 112 సీట్ల ఈ-190లు. జెట్ ఇంజన్లు, వరసకు అటు రెండు ఇటు రెండు సీట్లు, మధ్య సీటు అన్న బాధ లేదు. కూర్చున్నవాడికి అది చక్కని విమానమే, ఒప్పుకోవాలి. ట్రూజెట్ ఎంచుకున్నది ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తయారయ్యే ఏటీఆర్ 72. ఆరేసి రెక్కల ప్రొపెల్లర్లు రెండు, డెబ్బై పైచిలుకు సీట్లు. వెనక తలుపు నుంచి ఎక్కాలి, సామాను ముందు భాగంలో పెడతారు. చప్పుడూ అదురూ కాస్త ఎక్కువ. విమానమంటే జెట్టే అనుకునే మనవాళ్లలో చాలామంది దాన్ని మొదటిసారి చూసి పెదవి విరిచారు. కానీ కడప నుంచి హైదరాబాదుకు పోయేటప్పుడు ఆ పెదవి విరుపుకు అర్థం లేదు. ఎందుకో చెబుతాను.

జెట్ గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోగలదు, ఏటీఆర్ ఐదు వందల పైచిలుకు. ఢిల్లీకి పోయేటప్పుడు ఆ తేడా గంట దాకా తేలుతుంది. మూడు వందల కిలోమీటర్ల దారిలో మాత్రం పది, పదిహేను నిమిషాలకు మించదు. ఎందుకంటే జెట్ తన బలం చూపే ఎత్తుకు చేరేలోపే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికి కాల్చిన ఇంధనమంతా ఆ చిన్న దారిలోనే రాబట్టుకోవాలి. ఏటీఆర్ తక్కువ ఎత్తులోనే పోతుంది, ఎక్కడానికీ దిగడానికీ అంత ఖర్చు పెట్టదు. పైగా మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల రాష్ట్రంలోనే బాగా మండే ఊళ్లలో ఒకటి. వేడికి గాలి పలచబడితే రెక్కకు ఊతం తగ్గుతుంది, ఇంజను సత్తువ తగ్గుతుంది, పైకి లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. ఓర్వకల్లు రన్‌వే రెండు వేల మీటర్లు. నిండు బరువుతో ఉన్న ఏటీఆర్‌కు అందులో ఇంకా చోటు మిగులుతుంది. ఈ-190కి అంత ధీమా ఉండదు, ఎండ పెరిగితే సీట్లో సామానో తగ్గించుకోవాల్సి రావచ్చు.

పన్నుల లెక్క కూడా ఇందులోనే ఉంది. దీన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. గరిష్ఠ బరువు 40 టన్నుల లోపు ఉన్న విమానాలకు అమ్మే ఇంధనం కేంద్ర అమ్మకపు పన్ను చట్టంలో ప్రత్యేక తరగతి కిందికి వస్తుంది. దానిమీద రాష్ట్రాలు వేసే పన్నుకు తక్కువ పరిమితి ఉంది. ఆ గీత దాటిన విమానాలకు కొన్ని రాష్ట్రాలు పాతిక శాతం పైన కూడా పన్ను వేసేవి. ఏటీఆర్ 72 బరువు దాదాపు 23 టన్నులు. ఈ-170 కూడా 40కి లోపే. ఈ-190 మాత్రం 47 టన్నులు దాటుతుంది. అంటే కోస్టా మొదట సరైన గీత లోపలే ఉంది. 67 సీట్ల నుంచి 112 సీట్లకు మారిన రోజున ఆ రాయితీని వదులుకుంది. దీనికి తోడు 80 సీట్ల లోపు విమానాలకు దేశంలో దిగినందుకు కట్టే రుసుము కూడా అప్పట్లో లేదు. ట్రూజెట్ తన విమానంతో ఈ రెండు రాయితీల నీడలోనే ఉండిపోయింది. విమానాన్ని ఎంచుకోవడమంటే ఇంజను చూసుకోవడమొక్కటే అనుకుంటాం. అసలు సగం ఎంపిక పన్నుల పుస్తకంలో జరుగుతుంది.

కోస్టా ఏ ఊళ్లకు పోయింది? విజయవాడ, విశాఖ, హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, జైపూర్, అహ్మదాబాద్, కోయంబత్తూరు. సీమలో తిరుపతి ఒక్కటే. స్పానిష్‌లో కోస్టా అంటే తీరం, ఆ పేరుకు తగ్గట్టే దాని చూపు తీరం మీదా, అక్కడి నుంచి దూరపు నగరాల మీదా ఉంది. 2015 జూన్‌లో కడప విమానాశ్రయం తెరిచినప్పుడు మొదట వచ్చింది కోస్టా కాదు. బెంగళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్ ఏటీఆర్ వచ్చింది. అదీ ఏడాది తిరిగేసరికి, 2016 జూలైలో, ఆగిపోయింది. కోస్టాకు జెట్ ఉంది కాబట్టి జెట్‌కు తగ్గ దూరాలు వెతుక్కుంది. జైపూర్, అహ్మదాబాద్ దాని విమానానికి సరిపోయే ఊళ్లు. అక్కడ అప్పటికే పెద్ద సంస్థలు 180 సీట్ల విమానాలతో తిరుగుతున్నాయి. వాటితో టికెట్ ధరలో పోటీ పడి 112 సీట్లతో గెలవడం కుదిరే పని కాదు.

అంతకు ముందే, 2014 ఫిబ్రవరిలో, సింగపూర్ విమాన ప్రదర్శనలో కోస్టా 50 కొత్త తరం ఎంబ్రాయర్లకు ఆర్డరు ప్రకటించింది. 25 ఈ-190-ఈ2లు, 25 ఈ-195-ఈ2లు. జాబితా ధర 294 కోట్ల డాలర్లు. అప్పటికి దాని వయసు నాలుగు నెలలు. చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని లీజు విమానాలు. ఆ ప్రకటన వచ్చినప్పుడు తెలుగువాడిగా నేనూ గర్వపడ్డాను, అందుకు ఇప్పుడు సిగ్గుపడడం లేదు. కానీ విమర్శ విమర్శే. ఆ ఈ2 విమానం మొదటిసారి ప్రయాణికులతో ఎగిరింది 2018లో, నార్వేలో. అప్పటికి కోస్టా ఆగిపోయి ఏడాది దాటింది.

కోస్టాకు ముందే ఒక హెచ్చరిక ఉంది. చెన్నై నుంచి నడిచిన పారామౌంట్ ఎయిర్‌వేస్ 2005లో ఇవే ఎంబ్రాయర్ 170లతో మొదలై 2010లో ఆగింది. విమానాలు లీజుకిచ్చినవాళ్లతో తగాదాలే దాన్నీ ముంచాయి. దేశంలో ఒక రకం విమానాన్ని ఒక్క సంస్థే నడిపితే పైలట్లకు శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు అన్నీ ఒంటరిగా మోయాలి. పొరుగు సంస్థ నుంచి ఒక చక్రం అరువు తెచ్చుకోవడానికి కూడా వీలుండదు. కోస్టా ఆ ఒంటరితనాన్నే మళ్లీ కొనుక్కుంది. 2016 ఆగస్టులో లీజు వ్యవహారంతో విమానాలు ఒకసారి నిలిచాయి. ఆరు నెలలకు శాశ్వతంగా నిలిచాయి.

2017 ఫిబ్రవరి 28న కోస్టా ఆగింది. సరిగ్గా 58 రోజులకు, ఏప్రిల్ 27న, ఉడాన్ పథకంలో మొదటి విమానాలు ఎగిరాయి. ప్రధాని సిమ్లాలో జెండా ఊపిన ఆ రోజున ఎగిరిన మూడు దారుల్లో రెండు ట్రూజెట్‌వే: హైదరాబాద్–కడప, హైదరాబాద్–నాందేడ్. చిన్న ఊరి విమానానికి దేశం మొదటిసారి ఊతమిచ్చిన రోజున ఒక తెలుగు సంస్థ తెరుచుకున్న రన్‌వే మీద ఉంది, ఇంకొకటి అప్పుల కింద ఉంది. అదృష్టం కొంత ఉందనేది నిజం. కానీ ఆ రోజు ట్రూజెట్ చేతిలో ఆ పనికి సరిపోయే విమానం ఉంది. అంతకు దాదాపు రెండేళ్ల ముందు నుంచే తిరుపతి, రాజమండ్రి లాంటి ఊళ్లలో తిరుగుతూ ఉంది. ఊరిని చూసి విమానం తెచ్చుకున్నవాడికి ఆ ఫలితం దక్కింది.

మ్యాపు మీద కడప నుంచి హైదరాబాదుకు ఒక గీత గీయండి. అది అహోబిలం కొండల మీదుగా, ఆళ్లగడ్డకూ నంద్యాలకూ కాస్త తూర్పుగా, నల్లమల అంచున పోయి కృష్ణ దాటుతుంది. ఏటీఆర్‌కు రెక్క పైభాగంలో ఉంటుంది కాబట్టి కిటికీలోంచి చూపుకు అడ్డేమీ ఉండదు. ఎడమవైపు కూర్చుంటే రేనాటి నల్లరేగడి, కుందూ, కేసీ కాలువ పచ్చదనం కనిపిస్తాయి. రాత్రంతా బస్సులో కూర్చుని పోయే హైదరాబాదు గంటలో వచ్చింది. ఆ గంట ప్రయాణానికి ఉడాన్ కింద సగం సీట్లను అప్పట్లో 2,500 రూపాయల పరిమితిలో అమ్మాల్సి ఉండేది. వచ్చే లోటును కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం చొప్పున భర్తీ చేయాలి. ఆ డబ్బు పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద వేసిన రుసుము నుంచి వస్తుంది. అంటే ఢిల్లీ–ముంబై ప్రయాణికుడు కడప ప్రయాణికుడికి కొంచెం సాయపడ్డాడు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. రైల్వే ఇదే పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది.

ట్రూజెట్ ముఖంగా నిలిచిన నటుడు రామ్‌చరణ్ 2019లో నిర్మించిన సినిమా 'సైరా నరసింహారెడ్డి'. కథానాయకుడు ఆళ్లగడ్డకు దగ్గరి ఉయ్యాలవాడ పాలెగాడు. 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన మనిషి. ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే. 2021 మార్చి 28న అక్కడ దిగిన మొదటి వాణిజ్య విమానం మాత్రం ఇండిగోది.

ట్రూజెట్‌కు కూడా ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచను. దాని పద్ధతి సరైనదే గానీ దాని పునాది సన్నగా ఉంది. ఉడాన్ ఊతం ఒక దారికి మూడేళ్లే. ఆ మూడేళ్లూ వేరెవరూ ఆ దారిలోకి రాకుండా రక్షణ ఉంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది. 2017 డిసెంబరులోనే ఇండిగో కూడా అవే ఏటీఆర్‌లను నడపడం మొదలుపెట్టి, హైదరాబాదు నుంచే తిరుపతి, రాజమండ్రి దారుల్లోకీ వచ్చింది. వందల ఎయిర్‌బస్‌ల ఆదాయం వెనక ఉన్న సంస్థతో ఏడెనిమిది విమానాల సంస్థ అదే ఊళ్లలో పోటీ పడాలి. 2020లో కొవిడ్‌తో రెండు నెలలు దేశమంతా విమానాలు నిలిచాయి. తర్వాత తెరుచుకున్నా సీట్లు నిండలేదు. 2021లో ఇంటరప్స్ అనే అమెరికా సంస్థ 49 శాతం వాటా కొంటానని ప్రకటించింది, ఆ ఒప్పందం ట్రూజెట్‌ను నిలబెట్టలేదు. 2022 ఫిబ్రవరి మొదటి వారంలో విమానాలు ఆగిపోయాయి.

మూడేళ్లు చాలవన్నది నా మాట ఒక్కటే కాదు. ఉడాన్ మొదటి మూడు విడతల మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. కేటాయించిన 774 దారుల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. ఊతం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. రాత్రి బస్సుకు అలవాటు పడిన కుటుంబం విమానం వైపు తిరగడానికి కాలం పడుతుంది. నంద్యాల విత్తనాల వ్యాపారికీ, బెంగళూరులో పిల్లలున్న తల్లిదండ్రులకీ, విగ్రహం బేరం కుదుర్చుకోవడానికి ఆళ్లగడ్డ శిల్పశాలకు వచ్చేవాళ్లకీ ఈ విమానం వచ్చే ఏడాది కూడా ఉంటుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం కుదిరేలోపే గడువు అయిపోతోంది.

ఇక్కడ చైనాను ఒకసారి చూడాలి. అక్కడా ప్రాంతీయ విమాన సంస్థలు ఇదే కాలంలో పుట్టాయి. గుయిచౌ మన నల్లమల కంటే ఎత్తయిన కొండల రాష్ట్రం. దాని రాజధాని గుయ్‌యాంగ్ కేంద్రంగా కలర్‌ఫుల్ గుయిచౌ ఎయిర్‌లైన్స్ 2015 చివర్లో మొదలైంది. నడిపింది కోస్టా నడిపిన ఈ-190లనే. కోస్టా ఆగింది, అది నిలబడి తర్వాత ఎయిర్‌బస్‌లు కూడా తెచ్చుకుంది. విమానం ఒకటే కాబట్టి తప్పంతా విమానానిదని నేను అనలేను. తేడా వెనకనున్న చేతిలో ఉంది. గుయిచౌ సంస్థలో ఆ రాష్ట్ర ప్రభుత్వ పెట్టుబడి ఉంది. చిన్న విమానాశ్రయాలకూ చిన్న దారులకూ చైనా ప్రభుత్వం ఏళ్ల తరబడి సాయం చేస్తోంది. నష్టం వచ్చిన ఏడాదిని ఎవరు మోస్తారన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. కోస్టాకూ ట్రూజెట్‌కూ ఆ జవాబు దొరకలేదు.

అలాగని చైనా చేసిందంతా మెచ్చుకోలేం. షియాన్‌లో 2008లో పెట్టిన జాయ్ ఎయిర్‌ను చూడండి. దాన్ని పెట్టింది విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ, చైనా ఈస్టర్న్ సంస్థతో కలిసి. అది నడిపింది ఆ షియాన్ కర్మాగారంలోనే తయారయ్యే ఎంఏ60 ప్రొపెల్లర్ విమానం. సొంత విమానానికి గిరాకీ చూపించడానికి పెట్టిన సంస్థలా అది నాకు కనిపిస్తుంది. 2015 మే 10న ఫూచౌలో దాని ఎంఏ60 ఒకటి దిగుతూ రన్‌వే పక్కకు జారి బాగా దెబ్బతింది. కోస్టాలో విమానం ఊరిని ఎంచుకుంది. జాయ్ ఎయిర్‌లో కర్మాగారం విమానాన్నీ ఊరినీ కలిపి ఎంచుకుంది. ఈ రెంటితో పోల్చినా ట్రూజెట్ పద్ధతే మేలని నా తీర్పు. ఊరు ముందు, దూరం తర్వాత, విమానం ఆ పైన. దానికి కొరవడింది గుయిచౌకు ఉన్న ఓపిక గల పెట్టుబడి.

ఇప్పుడు ఓర్వకల్లులో దిగుతున్నది ఏటీఆర్ 72-600. ఏ విమానం సీమకు సరిపోతుందన్న వాదన అలా ముగిసింది. ఆ వాదనను మొదట నెగ్గింది ట్రూజెట్. లాభం ఇండిగోకు దక్కింది, దానికి నాకు అసూయ లేదు. విమానం రావడమే మాకు కావాలి. కానీ ఓర్వకల్లు దారులు కూడా ఉడాన్ ఊతంతోనే మొదలయ్యాయి. పెద్ద సంస్థకు చిన్న ఊరు ఎప్పుడూ చివరి లెక్క. ఇంకో నగరంలో ఎక్కువ వస్తుందనుకుంటే అదే ఏటీఆర్‌ను రేపు అక్కడికి తిప్పుతుంది. ఇంటి సంస్థకు ఉండే పట్టుదల దానికి ఉండదు.

అందుకే రాష్ట్ర ప్రభుత్వానికి ఒక విన్నపం. కడపకూ ఓర్వకల్లుకూ ఇచ్చే సాయానికి మూడేళ్ల గడువు పెట్టకండి, పదేళ్ల మాట ఇవ్వండి. ఏ సంస్థకైనా సరే, వారంలో ఏ రోజు ఏ వేళకు వస్తుందో ఏడాది పాటు మార్చనన్న షరతు మీదే ఆ సాయం ఇవ్వండి. ఆ వేళలకు కలిసేలా నంద్యాల, ఆళ్లగడ్డ డిపోల నుంచి బస్సులు వేయండి. ఓర్వకల్లు విమానం వేళలూ, కడప విమానం వేళలూ రాసిన బోర్డు ఒకటి ఆళ్లగడ్డ బస్టాండులో పెట్టించండి.